రేవు దిగాల్సిన అంబాసిడర్

బ్రేక్ పెడల్ మెత్తగా ఉందని ఎవరైనా బండి తెస్తే, పానా చేతిలోకి తీసుకునే ముందు ఒక మాట అడగండి. ఎక్కడ మెత్తబడింది? ఏ రోడ్డు మీద, ఎంత దూరం వెళ్ళాక, దానికి ముందు బండి ఏం చేసింది? షెడ్డు ముందు నిలబెట్టిన బండి తన జబ్బు అంతా చెప్పదు. కొన్ని బండ్లు షెడ్డుకి రాగానే బాగైపోతాయి. వాటితోనే ప్రమాదం.

మెకానిక్ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నాకు యాభై ఏళ్ళు దాటాక అక్షరాలు వచ్చాయి. అందువల్ల ఈ పని నేను ముందు కాలితో, తర్వాత చెవితో, చివర కంటితో నేర్చుకున్నాను. ఆ వరసలోనే రాస్తాను.

మస్తాన్ మేస్త్రి

గుడివాడలో మస్తాన్ మేస్త్రి షెడ్డులో నేను ఊడవడానికి చేరాను. బ్రేక్ గొట్టాల్లో చిక్కుకున్న గాలి తియ్యాలంటే ఇద్దరు ఉండాలి. ఒకరు బండి కింద పడుకుని చక్రం దగ్గర గాలి వదిలే నిపుల్ విప్పాలి, ఇంకొకరు పైన కూర్చుని పెడల్ తొక్కాలి. ఒక పూట ఆ తొక్కే మనిషి రాలేదు. మేస్త్రి నా చేతిలో చీపురు చూసి, "అది అక్కడ పడేసి బండెక్కమ్మా" అన్నాడు.

నేను ఎక్కి కూర్చున్నాను.

"చెప్పులు తియ్యి. చెప్పుకేం తెలుసుద్ది? తొక్కమంటే తొక్కు, పట్టమంటే పట్టు. నేను వదలమనేదాకా ఆకాశం ఊడిపడ్డా వదలకు."

ఆరోజు నుంచి ఆ షెడ్డుకొచ్చిన ప్రతి బండి పెడల్ మీదా నా ఉత్త కాలు పడింది. మేస్త్రి కింద నుంచి అడిగేవాడు, "ఎట్టా ఉంది?" మెత్తగా ఉందంటే తిట్టేవాడు. "మెత్తన అంటే ఏం మెత్తన? ఇడ్లీ మెత్తనా, బురద మెత్తనా?" ఆయన నోరు మంచిది కాదు. పానాలు విసిరేవాడు, బండిగలవాళ్ళ ముందే పనివాళ్ళని అవమానించేవాడు. ఆ పద్ధతి ఎవరూ నేర్చుకోవద్దు. కానీ ఆ ప్రశ్న మాత్రం సరైనది.

మొదటిసారి తొక్కితే లోతుకి పోయి, రెండోసారి పైనే ఆగిందంటే చక్రంలోని డ్రమ్ముకీ, దాన్ని రాసుకుని ఆపే షూలకీ మధ్య ఎడం ఎక్కువైంది. దగ్గరికి బిగిస్తే సరిపోతుంది. తొక్కినప్పుడు తడిసిన స్పాంజిలా దిగి, కాలిని పైకి నెడుతూ ఉంటే గొట్టాల్లో గాలి ఉంది, లేదా రబ్బరు గొట్టం ఉబ్బుతోంది. ముందు గట్టిగా తగిలి, అలాగే పట్టి ఉంచితే దమ్ము చేసిన మడిలో కాలు దిగినట్టు నెమ్మదిగా దిగిపోతుంటే ఆయిల్ ఎక్కడో తప్పించుకుంటోంది. చక్రాల దగ్గర తడి కనపడకపోతే పెడల్ తొక్కితే ఆయిల్ నెట్టే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పులు పోయినట్టే. కాలు ఈ మూడూ వేరువేరుగా చెప్పగలిగితే సగం పని అయిపోయింది.

మేస్త్రికి ఇంకో అలవాటు ఉండేది. పెడల్ గట్టిపడగానే తాళం చెవి ఇచ్చేసేవాడు. "గుమ్మం దాటాక ఆ బండి డ్రైవరు బాధ" అనేవాడు. బండిని దూరం తీసుకెళ్ళి చూడటం ఆయనకి నామోషీ. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళం ఆ అలవాటు కూడా తెచ్చుకున్నాం. బందరులో నాతో కలిసి షెడ్డు నడిపిన సుబ్బారావూ ఆయన దగ్గర నేర్చుకున్నవాడే. చేతి పనిలో నాకంటే మెరుగు. అతనైనా నేనైనా బండిని దగ్గర్లోని కోనేరు సెంటరు దాకా తిప్పి తెచ్చి, బాగుందనే వాళ్ళం.

వీర్రాజు బండి

నేను పని మానెయ్యడానికి ముందటి ఏడాది వీర్రాజు తన అంబాసిడర్ తెచ్చాడు. గిలకలదిండిలో చేపల వ్యాపారం అతనిది. ఆ బండి వాళ్ళ నాన్న కొన్నది. మీగడ రంగు, ఎక్కడా సొట్ట లేదు. సముద్రం పక్కన ఉండే బండి తుప్పు పట్టకుండా అన్నేళ్ళు ఉందంటే ఇంటిల్లిపాదీ దాన్ని ఎంత చూసుకున్నారో తెలుస్తుంది.

"అక్కా, పెడల్ దిగిపోతోంది. వచ్చే శుక్రవారం సింధు పెళ్ళి. అమ్మాయి ఈ బండిలోనే వెళ్ళాలి."

సింధు అతని కూతురు. పెళ్ళికొడుకు వాళ్ళది దివిసీమలో నది మధ్య ఉన్న లంక. పెళ్ళి కూడా అక్కడే. నాగాయలంక అవతల రేవు నుంచి బల్లకట్టు మీద బండితో సహా దాటాలి. ఆ రేవు నాకు తెలుసు. గట్టు మీద నుంచి నీళ్ళ దాకా ఏటవాలు దారి. కింద బల్లకట్టు, దాని మీద బండి ఆగేంత చోటు, ఆపైన నది. అక్కడ బ్రేకు పడకపోతే రెండో అవకాశం లేదు.

పాత అంబాసిడర్‌లో బ్రేక్ ఆయిల్ డబ్బా బానెట్ కింద ఉండదు. డ్రైవరు కాళ్ళ కింద, మ్యాట్ ఎత్తి, రేకు మూత విప్పితే ఉంటుంది. నేను మ్యాట్ ఎత్తి, డబ్బా మూత తిప్పి తీసి, ఆయిల్ చూశాను. కాస్త తగ్గింది. పోశాను. సుబ్బారావు కిందికి దూరాడు, నేను తొక్కాను. నాలుగు చక్రాలకీ గాలి తీశాం. పెడల్ రాయిలా నిలబడింది. మూత బిగించి పంపేశాం.

రెండు రోజులకి వీర్రాజు మళ్ళీ వచ్చాడు.

"చల్లపల్లి దాకా బానే ఉందక్కా. అక్కడి నుంచి దిగడం మొదలెట్టింది."

మళ్ళీ మూత తీశాం, మళ్ళీ తొక్కాను. ఒకటి రెండుసార్లు మెత్తగా తగిలి లేచింది. సుబ్బారావు మాస్టర్ సిలిండర్ విప్పి లోపలి రబ్బరు కప్పులన్నీ కొత్తవి వేశాడు. రబ్బరు గొట్టాలు మార్చాడు. వెనక చక్రం దగ్గర కొంచెం చెమ్మ కనపడితే అదీ బాగుచేశాడు. పెడల్ రాయి. కోనేరు సెంటరు దాకా తిప్పాం. రాయి.

బుధవారం పొద్దున బండి మళ్ళీ షెడ్డు ముందు ఉంది. ఈసారి వీర్రాజు ఒక్కడే రాలేదు. వెనక సీట్లో వాళ్ళమ్మ కనకమ్మ కూర్చుని ఉంది. చేపల తట్ట మోసి ఇల్లు నిలబెట్టిన మనిషి. బందరు బజారులో ఆమె గొంతు తెలియనివాళ్ళు లేరు.

"ఏమ్మే నాంచారమ్మా, బండి బాగుచేస్తన్నావా, బండితో ఆడుకుంటన్నావా?"

"ఇంకో బండి మాట్లాడుకోండి అత్తా, ఈ ఒక్క రోజుకీ" అన్నాను.

"నా మనవరాలు పుట్టినప్పుడు ఆసుపత్రి నుంచి ఇంటికి దీంట్లోనే వచ్చింది. ఇంట్లోంచి వెళ్ళేటప్పుడూ దీంట్లోనే వెళ్ళుద్ది. పక్కన నేను కూర్చుంటా. వెళ్ళొచ్చో లేదో ఆ ఒక్క ముక్కా నువ్వు చెప్పు."

సుబ్బారావు మూత తీసి, తొక్కి, దిగి వచ్చాడు. "ఇప్పుడు చూడండి ఎట్టా ఉందో. ఇంక మార్చడానికి సామాను కూడా లేదండీ. నిక్షేపంగా వెళ్ళండి."

నా కాలికీ గట్టిగానే తగిలింది. కానీ నేను వెళ్ళమనలేకపోయాను. మూడుసార్లు రోడ్డు మీద మెత్తబడి మూడుసార్లూ షెడ్డులో గట్టిపడిన బండి అది. ఎందుకు మెత్తబడిందో తెలియకుండా గట్టిపడటాన్ని నమ్మడం ఎలా?

"రేపు రేవు దాకా వెళ్ళొద్దాం వీర్రాజూ. నువ్వూ నేనే. ఇంకెవరూ ఎక్కొద్దు. మధ్యలో ఆ మ్యాట్ ఎవరూ ఎత్తొద్దు" అన్నాను.

గట్టు మీద

గురువారం ఎండ మండిపోతోంది. వీర్రాజు నడుపుతున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. కాసేపటికోసారి, "ఎట్టా ఉంది?" అని అడుగుతున్నాను.

"బానే ఉందక్కా."

చల్లపల్లి దాటాం. "ఎట్టా ఉంది?"

"కొంచెం... లోపలికి వెళ్ళినట్టుంది. నువ్వు అడుగుతుంటే అట్టా అనిపిస్తుందేమో."

"ఆపు."

పక్కకి ఆపించి, చెప్పులు విప్పి, నేనే అతని సీట్లో కూర్చుని తొక్కాను. పెడల్ పొద్దుటి కంటే లోతుకి పోతోంది. రెండోసారి తొక్కితే పైకి రావాలి. రాలేదు. అదే లోతు. మూడోసారి ఇంకొంచెం కిందికి. ఇది స్పాంజి కాదు, బురద కూడా కాదు. కాలి కింద ఏదో తక్కువవుతోంది. ఇన్నేళ్ళలో నా కాలికి తగలని తీరు.

"వెనక్కి తిప్పమంటావా?"

తిప్పితే ఏం తెలుస్తుంది? షెడ్డుకి వెళ్తాం, మూత తీస్తాం, గట్టిపడుతుంది. "చిన్నగా పోనివ్వు. ముందుగా గేరు దింపుకో. చెయ్యి హ్యాండ్‌బ్రేక్ మీదే ఉంచు" అన్నాను.

అవనిగడ్డ దాటాక దారి కాలవ గట్టు ఎక్కింది. ఒకవైపు నిండా పారే కాలవ, ఇంకోవైపు మళ్ళు. మలుపు తిరిగేసరికి రోడ్డు నిండా బాతుల మంద. వీర్రాజు బ్రేకు తొక్కాడు. పెడల్ నేలకి తగిలిన చప్పుడు నాకు వినపడింది.

"పడట్లేదక్కా!"

"గేరు దింపు! తొక్కి వదులు, తొక్కి వదులు! హ్యాండ్‌బ్రేక్ లాగు!"

బండి వెనక భాగం కాలవ వైపు జారింది. బాతులు అరుస్తూ రెండుగా చీలిపోయాయి. ఇంజను గుక్కపట్టి ఆగింది. నా వైపు తలుపు తీసి కిందికి చూశాను. దిగడానికి నేల లేదు. వెనక చక్రం గట్టు అంచు మీద ఉంది. ఊడిన మట్టిపెళ్ళలు నీళ్ళలో పడుతున్నాయి.

బాతులు కాసే మనిషి కర్ర ఊపుకుంటూ వచ్చాడు. "కళ్ళు పెట్టుకుని నడుపుతున్నారా, నెత్తిన పెట్టుకుని నడుపుతున్నారా? ఒక్క బాతు చచ్చినా మిమ్మల్ని కదలనిచ్చేవాణ్ణి కాదు!"

వీర్రాజు నేను తీసిన తలుపులోంచి నీళ్ళ వైపు చూశాడు.  "సింధు నువ్వు కూర్చున్న వైపే కూర్చుంటానంది అక్కా" అన్నాడు.

మూత

ఇద్దరం అతని వైపు నుంచి దిగాం. వీర్రాజు మ్యాట్ ఎత్తి రేకు విప్పాడు. డబ్బా మూత మీద చెయ్యి వెయ్యబోతే అరిచాను, "ముట్టుకోకు!"

షెడ్డులో ప్రతిసారీ మేం చేసిన మొదటి పని ఆ మూత తియ్యడం. తియ్యగానే బండి బాగైపోయేది. మేం వేసిన కొత్త కప్పులూ కొత్త గొట్టాలూ కాదు బాగుచేసింది. మూత తియ్యడమే అయితే?

నాలుగు చక్రాలూ చూశాను, తడి లేదు. తర్వాత నేల మీద మోకాళ్ళూని, చెవి ఆ డబ్బా దగ్గర పెట్టి మూత నెమ్మదిగా తిప్పాను. ఉస్సుమని గాలి లోపలికి పీల్చుకుంది. షెడ్డులో పక్కనే కంప్రెసర్ మోగుతుంటుంది కాబట్టి ఈ చప్పుడు మాకెప్పుడూ వినపడలేదు. కాలవ గట్టు మీద స్పష్టంగా వినపడింది.

"ఇప్పుడు తొక్కు."

వీర్రాజు నాలుగైదు సార్లు తొక్కాడు. పెడల్ ఒక్కో తొక్కుకీ కొంచెం కొంచెంగా లేచింది.

ఎప్పుడైనా పాత నూనె డబ్బాకి ఒకే కన్నం పెట్టి వంచి చూశారా? నూనె కాస్త కారి ఆగిపోతుంది. రెండో కన్నం పెడితే గాలి లోపలికి వెళ్ళి నూనె ధారగా వస్తుంది. బ్రేక్ ఆయిల్ డబ్బాదీ అదే పద్ధతి. అందుకే దాని మూతకి సూది దూరేంత కన్నం ఉంటుంది. ఆ కన్నం లేకపోతే కిందికి దిగాల్సిన ఆయిల్ దిగదు. తొక్కే కొద్దీ కిందున్నది చాలకుండా వస్తుంది. మూత తీసిన మరుక్షణం అంతా సర్దుకుంటుంది. ఏ జబ్బూ లేనట్టు కనిపిస్తుంది.

మూత తిరగేసి చూశాను. నల్లటి జిడ్డు. పైట కొంగుతో తుడిచినా పోలేదు. గోటితో గీకితే జిడ్డు కింద ఇంకేదో గట్టిగా, మెరుస్తూ ఉంది. వాసన చూశాను. వీర్రాజుకి ఇచ్చాను. అతనూ చూశాడు. సముద్రం మీద బతికే ఇంట్లో పుట్టినవాడికి ఆ వాసన ఒకరు చెప్పక్కర్లేదు.

"గుగ్గిలం" అన్నాడు. "పడవ చెక్కల సందుల్లో పూసేది. దీని మీదికి ఎట్టా వచ్చింది?"

గాజుకున్న పిన్నీసు తీసి, దాని మొనతో ఆ ముద్ద పొడిచి పొడిచి తవ్వాను. చివరికి మూతలోంచి ఎండ చుక్క ఒకటి నా అరచేతిలో పడింది. ఆ తర్వాత బాతుల మనిషిని కూడా సాయం పట్టి చక్రాన్ని గట్టు మీదికి తోసి, సైకిలు తొక్కే మనిషి వేగంతో బండిని బందరు తెచ్చుకున్నాం.

కనకమ్మ

షెడ్డు దగ్గర ఆమె మా కోసం కాచుక్కూర్చుంది. వీర్రాజు మూత చూపించగానే, "నేనే పూశా" అంది.

"నువ్వా! ఎందుకమ్మా?"

"ఎందుకేంటిరా? మొన్న ముసురుకి మన గిలకలదిండి రేవు రోడ్డు మీదికి ఉప్పునీళ్ళు రాలా? బండి కింద దాకా తడిసిందని నువ్వే గదా మ్యాట్ ఎత్తి ఆరబెట్టింది! చూస్తే మూతకి కన్నం. నీళ్ళలో తిరిగే దానికి కన్నం ఉంటే పూడ్చకుండా ఎట్టా ఉంటారు? మీ నాన్న బతికున్నన్నాళ్ళూ పడవకి పూసింది నేను గదా!"

"పడవకి కన్నం ఉంటే మునుగుద్ది అత్తా. దీనికి కన్నం లేకపోతే మునుగుద్ది" అన్నాను. గట్టు అంచున చక్రం ఎక్కడ ఆగిందో వీర్రాజు చెప్పాడు.

ఆమె కొడుకు చేతిలోంచి మూత లాక్కుని, ఆ కన్నాన్ని వెలుగుకి పెట్టి చూసింది.  తర్వాత, "అయితే నీళ్ళు పోయినా పరవాలేదా?" అని అడిగింది.

పరవా ఉంది. బ్రేక్ ఆయిల్‌కి నీళ్ళంత శత్రువు ఇంకోటి లేదు. మా వైపు ఉప్పుగాలికి సీసా మూత సరిగ్గా బిగించకపోయినా ఆయిల్ చెడుతుంది. ఆమె భయం తప్పు కాదు, కన్నం మూయడం తప్పు. ఆ మాటే చెప్పాను. ఆమె కాసేపు మూతను అటూ ఇటూ తిప్పి, "పడవలో వంటపొయ్యి మీద రేకు ఎత్తి కడతాం, చినుకు పడకుండా, పొగ ఆడేటట్టు. అట్టాంటిది పెట్టుకోలేరా?" అంది. సుబ్బారావు సైకిల్ ట్యూబు ముక్క కోసి, మూత మీద గొడుగులా ఎత్తి కట్టాడు. నీళ్ళు పడవు, గాలి ఆడుతుంది. తర్వాత పాత ఆయిల్ అంతా తీసేసి, కొత్తది పోసి, నాలుగు చక్రాలకీ మళ్ళీ గాలి తీశాం. ఈసారి మూత బిగించి, దాన్ని ముట్టుకోకుండా, సాయంత్రం దాకా గుడివాడ రోడ్డు మీద తిప్పాను.

పెడల్ గట్టిగానే ఉంది. అయినా కనకమ్మ వదల్లేదు. "నువ్వు ఎక్కితేనే నేనూ నా మనవరాలూ ఎక్కేది."

రేవు

శుక్రవారం ముందు సీట్లో నేను, వెనక పెళ్ళికూతురు, ఆమె నాయనమ్మ. సింధుకి గురువారం జరిగింది ఎవరూ చెప్పలేదు. "ఏంటి నాన్నా, ఇంత చిన్నగా వెళ్తే ముహూర్తానికి పూలు కూడా వాడిపోతాయి" అని వేళాకోళం చేస్తోంది.  చల్లపల్లి దగ్గర వీర్రాజు నా వైపు చూశాడు. "గట్టిగానే ఉంది" అన్నాడు. కాలవ గట్టు మలుపు దగ్గర మళ్ళీ చూశాడు. "గట్టిగానే."

రేవు పైన బండి ఆపాం. కింద బల్లకట్టు మీద మనుషులు మోటారు సైకిళ్ళు ఎక్కిస్తున్నారు. గాలికి బల్లకట్టు కదులుతోంది. వీర్రాజు ఇంజను ఆపకుండా హ్యాండ్‌బ్రేక్ లాగి కిందికి దిగాడు. నేను చెప్పులు వదిలి అతని సీట్లోకి జరిగాను. తొక్కాను. అరికాలికి పైనే తగిలింది. పట్టి ఉంచాను.  ఇంకా పట్టి ఉంచాను. వెంట్రుకవాసి దిగలేదు. బందరు నుంచి ఇక్కడి దాకా ఆ మూత ఎవరూ తియ్యలేదు.

"అక్కా, వెళ్ళొచ్చా?"

"దించు" అన్నాను.

నేను నా సీట్లోకి వచ్చాను. బండి ముక్కు కిందికి వంగింది. అద్దం నిండా నీళ్ళే కనిపించాయి. కంకర జారుతున్న చప్పుడు. కనకమ్మ చెయ్యి నా సీటు వెనక పట్టుకుంది. వీర్రాజు తొక్కి పట్టి దించుతున్నాడు. నా కుడి కాలు కూడా ఉత్త రేకు మీద తొక్కుతోందని తర్వాత గానీ గమనించలేదు. ముందు చక్రాలు బల్లకట్టు చెక్కల మీదికి ఎక్కాయి, తర్వాత వెనకవి. బండి ఒక్కసారి ఊగి నిలబడింది. ముందు ఇంకా మనిషి రెండడుగులు వేసేంత చెక్క మిగిలే ఉంది.

బల్లకట్టు మనిషి చక్రాల కింద పెట్టే మొద్దులు చేతిలో పట్టుకుని వచ్చి, బండిని చూసి మెచ్చుకున్నాడు. "గీత గీసినట్టు ఆగిందే! ఇంత బ్రేకు ఉన్న బండికి మొద్దులెందుకులెండి."

కనకమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది. "పెట్టవయ్యా మొద్దులు! బ్రేకు బాగుందని నీకెవరు చెప్పారు?"

అతను నవ్వుకుంటూ నాలుగు చక్రాలకీ మొద్దులు పెట్టాడు. నేను దిగి, ఒక్కోదాన్నీ కాలితో తన్ని చూశాను. తర్వాత చెప్పులు వేసుకున్నాను.